మీకు తెలుసా? ఇంట్లోనే కనబడకుండా పోయిన పిట్ట

తలుపులు వేసే ఉన్నాయి, కిటికీలకు దోమతెరలున్నాయి. అయినా పంజరంలోంచి బయటికొచ్చిన పిట్ట ఎక్కడా కనబడదు. ఇలాంటప్పుడు ఇంటిల్లిపాదీ చేసే మొదటి పని, పేరు పెట్టి గట్టిగా పిలవడం. అలా పిలిచిన కొద్దీ పిట్ట ఇంకా బిగుసుకుపోతుందని మీకు తెలుసా?

మన దగ్గర పక్షుల దుకాణాల్లో లవ్ బర్డ్స్ పేరుతో ఎక్కువగా అమ్మేది బడ్జెరిగార్ లేదా బడ్జీ అనే చిన్న ఆస్ట్రేలియా చిలుకను. పొడవు 18 సెంటీమీటర్లు, బరువు 30 నుంచి 40 గ్రాములు. సొంత గడ్డ మీద, ఆ ఎండు మైదానాల్లో డేగలు దాన్ని వేటాడతాయి. ఒంటరిగా చిక్కుకున్నప్పుడు కదలకుండా, నోరు మెదపకుండా ఉన్న పిట్టే బతికి బయటపడుతుంది. మీ బీరువా వెనక జారిపడ్డ పిట్ట చేసేదీ అదే. మీ గొంతులో ప్రేమే ఉండొచ్చు, కానీ ఆ కేకలూ పరుగులూ కుర్చీలు జరిపే చప్పుడూ దానికి అపాయం లాగే వినిపిస్తాయి. పలకడం లేదంటే చచ్చిపోయిందని గానీ, ఎగిరిపోయిందని గానీ అనుకోకండి.

వెతకడానికి ముందు సీలింగ్ ఫ్యాన్లు ఆపాలి. నీళ్ల బకెట్లకు, కమోడ్‌కు మూతలు పెట్టాలి. వాషింగ్ మెషీన్ డ్రమ్ములోకి చెయ్యి పెట్టి చూడకుండా స్విచ్ వెయ్యకండి. స్టవ్ ఆపేయాలి. నాన్‌స్టిక్ పెనాన్ని మంట మీద మరిచిపోతే, విపరీతంగా వేడెక్కిన ఆ పూత నుంచి వచ్చే ఆవిరి మనకు వాసన తెలియకుండానే పక్షి ప్రాణం తీయగలదు. పక్షి ఊపిరితిత్తుల గుండా గాలి ఒకే దిశలో సాగుతుంది, గాలి సంచులు దాన్ని ఆపకుండా అందిస్తుంటాయి. ఎగరడానికి అవసరమైన ప్రాణవాయువును అంత బాగా పీల్చుకునే ఏర్పాటే విషవాయువునూ అంతే వేగంగా లోపలికి చేరుస్తుంది.

బీరువాను మాత్రం హడావిడిగా లాగొద్దు. గోడకూ దానికీ మధ్య పిట్ట ఉంటే నలిగిపోతుంది.

ఇక వెతకాల్సింది చెవులతో. టీవీ, ఏసీ ఆపండి, వీలైతే కాసేపు ఫ్రిజ్ కూడా. అందరూ ఒకచోట కూర్చుని ఊరికే వినండి. కాగితం మీద గోరు గీసినట్టు, ఈకలు దులుపుకున్నట్టు చిన్న అలికిడి వస్తే చాలు, ఏ గదో తెలిసిపోతుంది. చాలా పక్షులు తెల్లవారుజామున, పొద్దువాలే వేళ ఎక్కువగా కూస్తాయి. మధ్యాహ్నమంతా మౌనంగా ఉన్న పిట్ట సాయంత్రం తానే ఆచూకీ చెప్పొచ్చు.

బడ్జీలు గుంపుతో తెగిపోకుండా ఉండటానికి ఒక పొట్టి కూత వాడతాయి. అది ఒక్కో పిట్టకు ఒక్కోలా ఉంటుంది. జత కట్టిన మగది ఆడదాని కూతను నేర్చుకుని అచ్చం అలాగే కూస్తుంది. నాకు ఈ పక్షి మీద ఇంత ఇష్టం కలగడానికి ఈ ఒక్క సంగతి చాలు. వెతికేవాళ్లకు ఇదే పెద్ద ఆసరా కూడా. ఇంట్లో రెండోది ఉంటే దాని పంజరాన్ని ఇంటి నడిమధ్యకు తెచ్చి పెట్టండి, పిలవాల్సినట్టు అది పిలుస్తుంది. ఒంటి పిట్ట అయితే, ఫోన్లో ఎప్పుడో తీసిన దాని వీడియోనే తక్కువ శబ్దంతో వినిపించి, ఆపి, మళ్లీ వినండి. రోజూ మీరు దానితో మాట్లాడే మాటలు మామూలు గొంతుతో అనడమూ పనిచేస్తుంది. మనుషుల మాట దానికి కొత్తేమీ కాదు: 1994లో చనిపోయిన పక్ అనే అమెరికా బడ్జీకి 1,728 మాటలు వచ్చని గిన్నిస్ పుస్తకంలో నమోదైంది.

ఎక్కడ చూడాలి? ఆస్ట్రేలియాలో ఈ పిట్టలు చెట్టు తొర్రల్లో గుడ్లు పెడతాయి. అందుకే ఇరుకైన, చీకటిగా ఉన్న సందు కనబడితే, ముఖ్యంగా ఆడపిట్ట, లోపలికి దూరి చూస్తుంది. సగం తెరిచిన సొరుగు, పుస్తకాల వెనక ఖాళీ, చెప్పుల స్టాండు, సోఫా అడుగున చిరిగిన గుడ్డ, మడతపెట్టని బట్టల కుప్ప. రెక్కలు బాగా ఉన్నదైతే పైకి చూడండి: కర్టెన్ రాడ్లు, ఏసీ పైభాగం, అటక మీది సామాను. రెక్కలు కత్తిరించినదైతే నేల మీద, మీ అడుగు పడేచోటే ఉండొచ్చు. చూసి నడవండి.

టార్చి వేస్తే కళ్లు మెరుస్తాయని ఎదురుచూడకండి. పిల్లి కంటి వెనక కాంతిని వెనక్కి తిప్పే పొర ఉంటుంది, చిలుకలకు అది లేదు. కానీ బడ్జీ నెత్తి మీది పసుపు ఈకలు అతినీలలోహిత కాంతిని పీల్చుకుని వెలుగు చిమ్ముతాయి. నోట్లు పరీక్షించే యూవీ టార్చిని చీకటి గదిలో తిప్పితే ఆ పసుపు తేలిగ్గా కంటపడొచ్చు. నీలం, తెలుపు రంగు పిట్టల్లో ఆ పసుపు ఉండదు కనుక వాటికి ఈ ఉపాయం పనికిరాదు. దాని కళ్లలోకి మాత్రం వెలుగు నిలపకండి.

రెట్ట కూడా దారి చూపుతుంది. ముదురు ఆకుపచ్చ ముద్ద, దాని మీద తెల్లటి సున్నం లాంటి పదార్థం, చుట్టూ కాస్త తడి. ఆ తడి ఆరలేదంటే పిట్ట ఇప్పుడే అక్కడ ఉందన్నమాట. తలెత్తి సరిగ్గా ఆ పైన చూడండి.

రాత్రయినా దొరక్కపోతే పంజరం తలుపు తీసి, గిన్నెలో కొర్రలూ, పక్కన నీళ్లూ పెట్టి ఉంచండి. తెల్లారి గిన్నె నిండుగానే కనబడితే నిరాశపడొద్దు. బడ్జీ గింజను ముక్కుతో ఒలిచి పొట్టును అక్కడే వదిలేస్తుంది. గిన్నె మీద నెమ్మదిగా ఊదండి. పొట్టు లేచిందంటే మీ పిట్ట క్షేమంగా ఉంది, వచ్చి తిని వెళ్లింది. చిన్న ఒంటికి ఆకలి ఎక్కువ, ఎక్కువసేపు తిండి లేకుండా తట్టుకోలేదు. కాబట్టి ఈ గిన్నె సంగతి తేలిగ్గా తీసుకోకండి.

కనబడగానే మీద పడి పట్టుకోవద్దు. అది ఎక్కడుందో బాగా గుర్తుపెట్టుకుని లైటు ఆర్పండి. చీకట్లో దానికి చూపు ఆనదు, ఎగరడానికి వెనకాడుతుంది. పల్చటి తువ్వాలు కప్పి, వీపు వైపు నుంచి మెత్తగా తీసుకోండి. రొమ్ము మాత్రం నొక్కకండి. పక్షికి మనలా విభాజక పటలం లేదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే ఊపిరి ఆడుతుంది. గుప్పిట బిగిస్తే, ముక్కూ నోరూ తెరిచే ఉన్నా, ఊపిరందక చనిపోతుంది. ఇన్ని గంటలు వెతికి దొరికిన పిట్టను ఆ ఆత్రంలో చేతులారా పోగొట్టుకోకూడదు.

పంజరంలో పెట్టాక కాసేపు ఎవరూ దగ్గరికి వెళ్లకుండా, వెచ్చగా, సద్దు లేనిచోట ఉంచండి. నోరు తెరిచి ఎగపోస్తున్నా, అడుగున కూలబడి ఉన్నా, రెక్క వాల్చినా ఆ రోజే పశువైద్యుడికి చూపించాలి. చిలుక జాతి పక్షులు నొప్పినీ జబ్బునూ చివరిదాకా బయటపెట్టవు. మామూలుగానే తిరుగుతోందని అనిపించినా, ఒకటి రెండు రోజులు దాని తిండినీ రెట్టనూ కనిపెట్టి చూడండి.