మా యింటి పాతపడవ

పాతవస్తువును కాపాడుట యనగా దానిని వాడక దాచుటయే యని మనలో ననేకుల తలంపు. కాని యేండ్లతరబడి మడత విప్పని పట్టుచీర ఆ మడతవెంటనే చీలుట మన మెరుగనిది కాదు. ఈ సత్యమును మాకు మరింత గట్టిగా బోధించినది మా యింటి పాతపడవ.

మా గ్రామము వశిష్ఠగోదావరి నడుమ నున్న యొక చిన్నలంక. మా మామగారు యౌవనమున కట్టించిన తెరచాపపడవ మాకొకటి కలదు. పొడవు 26 అడుగులు, పలకలన్నియు టేకువి. నడుమ నున్న గూటిక్రింద పదిమంది సుఖముగా కూర్చుండవచ్చును. ప్రతి మాఘమాసమునందును అంతర్వేది నరసింహస్వామివారి కల్యాణమునకు ఇంటిల్లిపాదియు అందులోనే పోవుచుండెడివారు. పాటుతో దిగువకు పోయి, పోటుతో నెగువకు మరలుట వాడుక. మేము కాపురమునకు వచ్చిన తొలియేట ఆ ప్రయాణమున పులిహోర మూటను ఒడిలో పెట్టుకొని, తెరచాప నిండుట చూచి బెదరిన సంగతి నేటికిని మా యింట నవ్వుకొందురు.

వంతెనలును తారురోడ్లును వచ్చిన పిమ్మట పడవకు పని తగ్గెను. మామగారు స్వర్గస్థులైన వెనుక, వారి జ్ఞాపకముగా దానిని భద్రపరుపదలచి గట్టెక్కించి, పైన రేకులపాక వేయించితిమి. పండుగనాడు పసుపుకుంకుమలు పెట్టుచుంటిమి. ఇంతకన్న నేమి చేయవలెనని మా నమ్మకము. ఐదు వేసవులు గడచెను. ఒకనాడు లోపల చిమ్మబోయి చూతుము గదా, పలకల సందులనుండి వెలుగు కానవచ్చుచుండెను! ఆ దినములలోనే యొక విడిదిగృహమువారు దానిని తమ తోటలో నలంకారముగా నిలుపుకొనుటకు వెల కట్టిరి. మావారు బడిపంతులు. బాగుచేయించుటకు సొమ్మెక్కడిదని చింతించిరి. అత్తగారు ఔననలేదు, కాదనలేదు.

ఆ రాత్రి మావారు మాకు సుహైలీ యను పడవకథ చెప్పిరి. అది 32 అడుగుల తెరచాపనావ. బొంబాయిలో మన దేశపు వడ్రంగులు టేకుతో కట్టినది. రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ అను ఆంగ్లనావికుడు దానిలో నొంటరిగా 1968 జూన్ 14న ఇంగ్లండునందలి ఫాల్మత్ రేవు విడిచి, ఏ రేవునను ఆగక భూమిని చుట్టి, 312 దినములకు, 1969 ఏప్రిల్ 22న, అచ్చటికే చేరెను. ఒంటరిగా ఆగక భూప్రదక్షిణము చేసినవారిలో నాతడే ప్రథముడు. త్రోవలో అడుగుపలకల సందు కారుచుండగా నడిసముద్రమున నీట మునిగి, ప్రత్తి దట్టించి, పైన రాగిరేకు కొట్టి మాన్పుకొనెను. అట్టి పడవను పిమ్మట గ్రీనిచ్ నందలి నావికా ప్రదర్శనశాలలో మిక్కిలి గౌరవముతో నిలిపిరి. అచ్చటి పొడిగాలికి పలకలు కుంచించుకొనిపోజొచ్చెను. అది చూచి యోర్వలేక యాతడు 2002లో దానిని వెలుపలికి తెచ్చి బాగుచేసికొనెను. మహాసముద్రములకు లొంగని పడవ నీడపట్టున నశింపబోయెనన్నమాట!

కథ ముగియగానే అత్తగారు, "రేపు వడ్రంగికి కబురు పెట్టు నాయనా" అనిరి.

కొయ్యపడవలకు పేరుపడిన తాళ్లరేవునుండి వృద్ధుడైన వడ్రంగి యొకడు వచ్చి, పలకపలకను తట్టి చూచి, "పలకకు రోగం లేదమ్మగారూ, దాహమేసింది. రోగమంతా మేకులదే" అనెను. కొయ్య నీరు త్రాగి ఉబ్బును; ఉబ్బిన పలకలు ఒకదానినొకటి ఒరసికొని సందులను మూయును. ఎండిన పడవ సందులలో ప్రత్తిని బలముగా దట్టించిన, పిమ్మట పలక ఉబ్బునపుడు చోటు చాలక మేకులు సడలును. కావున నతడు ముందుగా లోపల తడిగోనెలు పరపించి, దినదినము నీరు చల్లించి, పలకలు కొంత కూడుకొనిన తరువాతనే ప్రత్తివత్తులు పెట్టి, గుగ్గిలమును నూనెయు కలిపి కాచి పూసెను. త్రుప్పుపట్టిన ఇనుపమేకులు చుట్టునున్న కొయ్యను గూడ చెరచును. వానిని తీసి రాగిమేకులు వేసెను. రెండు పలకలు మార్పవలసివచ్చెను. మావారి రెండునెలల జీతము వ్యయమయ్యెను. ఆ యేట మేము పండుగకు క్రొత్తచీరలు కొనలేదు.

అతడు చెప్పిపోయిన నియమములు గృహిణికి క్రొత్తవి కావు. లోపల వాననీరు నిలువరాదు. నిలిచిన కొయ్య క్రుళ్లును. ఉప్పునీట కొయ్యను తొలుచు పురుగు కలదు. కావున ఏటేట కొలదిదినములు గట్టెక్కించి, అడుగు గీకి, తారు పూయవలెను. తెరచాపను తడితో మడువరాదు, బూజుపట్టును. అన్నిటికన్న ముఖ్యము, పడవను నెలకొకసారియైన నడుపవలెను. నడుపువాని కంటికే లోపము కానవచ్చును.

ఈ మాఘమున మరల అంతర్వేదికి పడవలోనే పోయితిమి. త్రోవలో అడుగున నీరూరుట చూచి మేము కలవరపడి చెంబు తీసికొంటిమి. అత్తగారు నవ్వి, "మీ మామగారు నీళ్లు తోడని ప్రయాణం ఒక్కటీ లేదమ్మాయీ!" అనిరి. వారు మామగారిని దలచి నవ్వుట ఐదేండ్లకు అదే మొదలు.

సోదరీమణులారా! మీ యింట పెద్దల వస్తువేదైన నుండిన, దానిని పూజించి మూలనుంచుటతో తృప్తిపడకుడు. పనికి దీయుడు, కారినచోట దట్టించుడు, మరల పనికి దీయుడు. పెద్దలకు మన మీయగల గౌరవ మదియే యని మా యనుభవము.