పెను ముప్పుకు లెక్క ఎలా కట్టాలి? - ధాన్యం వర్తకానికి కరువులు, తుఫానులు నేర్పిన పాఠాలు

ధాన్యం వర్తకంలో రోజువారీ ఎగుడుదిగుళ్లకు ఒక లెక్క వున్నది. రాబడి పెరిగితే ధర మెత్తబడుతుంది. పండుగల గిరాకీ వస్తే గట్టిపడుతుంది. వడ్డీ, గోదాము అద్దె, తరుగు కలుపుకొని ఎంతకాలం సరుకు నిలపవచ్చునో అనుభవమున్న వర్తకుడు నోటిలెక్కగా చెప్పగలడు. అయితే పాతికేళ్లకో, ఏభై ఏళ్లకో ఒకసారి వచ్చి పంటను, దారిని, గోదామును, బజారును ఒక్కసారే దెబ్బతీసే పెను విపత్తుకు ఈ నోటిలెక్క పనికిరాదు. అటువంటి ముప్పును అంచనా వేయడానికి, ముందుగా సిద్ధపడడానికి వేరే పద్ధతి కావాలి. ప్రభుత్వాలు ఆ పద్ధతిని చాలా మూల్యం చెల్లించి నేర్చుకొన్నాయి. అందులో వర్తకులకు పనికివచ్చే అంశాలు అనేకం వున్నాయి.

సగటు చేసే మోసం

ఒక వూరికి పెద్ద తుఫాను లేదా వరద పాతికేళ్లకు ఒకసారి వస్తుందనుకొందాం. అంటే ఏ ఒక్క సంవత్సరం చూసినా అది వచ్చే అవకాశం నూటికి 4 వంతులు మాత్రమే. ఈ ఏడు రాదులే అని ఎవరైనా అనుకొంటారు. కాని ముప్ఫై ఏళ్లు వ్యాపారం చేసే వ్యక్తికి ఆ కాలంలో అది కనీసం ఒకసారి ఎదురయ్యే అవకాశం నూటికి 70 వంతులు. ఏటేటా చూస్తే చిన్నదిగా కనిపించే ముప్పు, ఒక జీవితకాలంలో దాదాపు తప్పనిదిగా తేలుతున్నది.

ఇందులో రెండవ చిక్కు కూడా వున్నది. 50 లక్షల రూపాయల సరుకు నిల్వ వుంటే, నూటికి 4 వంతుల చొప్పున సగటు నష్టం ఏడాదికి 2 లక్షలని లెక్క తేలుతుంది. కాని నష్టం ఏడాదికి 2 లక్షల చొప్పున రాదు. ఇరవైనాలుగేళ్లు ఏమీ పోదు, ఒక్క ఏట 50 లక్షలూ పోవచ్చు. సొంత పెట్టుబడి గలవారు దానిని తట్టుకొనవచ్చును. బ్యాంకు అప్పు మీద సరుకు నిలిపినవారు తిరిగి లేవలేరు. కనుక పెను ముప్పు విషయంలో అడగవలసిన ప్రశ్న "సగటున ఎంత పోతుంది?" అన్నది కాదు, "ఆ ఒక్క దెబ్బకు కొట్టు నిలుస్తుందా, లేదా?" అన్నది.

ధరే తొలి హెచ్చరిక

1832-33లో గుంటూరు ప్రాంతంలో వచ్చిన నందన కరువులో అయిదు లక్షల జనాభాకు లక్షన్నర మంది వరకు మరణించినట్లు అంచనా. ఆ తర్వాతి కాలంలోనే గోదావరిపై ధవళేశ్వరం వద్ద 1847-52 మధ్య, కృష్ణపై విజయవాడ వద్ద 1852-55 మధ్య ఆనకట్టలు వెలిశాయి. 1876-78 నాటి ధాత కరువు బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాలను పీల్చి పిప్పిచేసినప్పుడు డెల్టా జిల్లాలు నిలదొక్కుకొన్నాయంటే కారణం ఈ ఆనకట్టలే. పెట్టిన ఖర్చుకు ఫలితం పాతికేళ్ల తర్వాత కనిపించింది.

ధాత కరువు తర్వాత రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన ఏర్పడిన కరువు కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా 1883 నుంచి కరువు నియమావళి రూపొందింది. జనం ఆకలితో పడిపోయేవరకు ఆగకుండా, ముందుగా కనిపించే గుర్తులను కనిపెట్టడమే ఆ నియమావళిలోని సారం. ధాన్యం ధర అసాధారణంగా పెరగడం, వడ్డీ వ్యాపారులు అప్పులు బిగించడం, దానధర్మాలు తగ్గడం, కూలీలు వూళ్లు విడిచి తిరగడం మొదలైనవి ఆ గుర్తులు. అనుమానం కలిగినచోట తక్కువ కూలితో పనులు ప్రారంభించేవారు. ఆ కూలికి కూడా జనం గుంపులుగా వస్తే కరువు నిజమేనని నిర్ధారణ చేసేవారు.

అయితే ధర ఒక్కదానినే నమ్ముకొనడం కూడా ప్రమాదమే. 1866 ఒరిస్సా కరువులో అధికారులు ధరలు పెరగగానే వర్తకులే బయటి నుంచి ధాన్యం తెస్తారని కూర్చున్నారు. ఆ ప్రాంతానికి బయటి మార్కెట్లతో సరైన రాకపోకలు లేవు. అసలు కొరత తెలిసేసరికి వర్షాకాలం వచ్చి రేవులు మూతపడ్డాయి. సరుకు కొన్నా చేర్చే దారి లేకపోయింది. ధర మోగించే గంట వినబడాలంటే బజారుకు బజారుకు మధ్య దారి తెరిచి వుండాలి.

గింజలున్నా కరువే

1943 బెంగాల్ కరువు ఇంకొక పాఠం నేర్పింది. 1942లో బర్మా జపాను వశమై అక్కడి బియ్యం దిగుమతులు ఆగిపోయాయి. అదే ఏడాది అక్టోబరులో మిడ్నపూరు తుఫాను పంటను దెబ్బతీసింది. యుద్ధం ఖర్చుతో చేతులు మారే డబ్బు పెరిగింది. రాష్ట్రాల మధ్య ధాన్యం రవాణాకు అడ్డుకట్టలు పడ్డాయి. విచారణ కమిషన్ 15 లక్షల మంది చనిపోయారని అంచనా వేసింది. తర్వాతి అంచనాలు 30 లక్షల వరకు వున్నాయి. అమర్త్యసేన్ 1981లో ప్రచురించిన గ్రంథంలో, 1943లో బెంగాల్‌లో అందుబాటులో వున్న ఆహారం అంతకుముందు అయిదేళ్ల సగటు కంటే నూటికి 5 వంతులు మాత్రమే తక్కువని లెక్కగట్టారు. ఈ లెక్కపై వాదోపవాదాలు సాగినా ఒక విషయం స్థిరపడింది. కొరత కొద్దిదైనా, ఇంకా పెరుగుతుందన్న భయంతో అందరూ ఒకేసారి సరుకు పట్టి నిలిపితే కూలివానికి గింజ అందదు.

ఒక్కొక్క వర్తకుని దృష్టిలో సరుకు నిలపడం జాగ్రత్తే. కాని వందమంది ఒకేసారి చేసే జాగ్రత్త మార్కెట్టుకు ముప్పుగా మారుతున్నది. నిల్వ పరిమితులు, లెవీలు, ఎగుమతి నిషేధాలు పుట్టుకొచ్చేది కూడా ఇక్కడే.

కేంద్ర నిల్వల లెక్క

1964-65లో 8.94 కోట్ల టన్నులున్న దేశ ఆహారధాన్యాల ఉత్పత్తి వర్షాభావం వల్ల 1965-66లో 7.23 కోట్ల టన్నులకు పడిపోయింది. మరుసటి ఏడు కూడా కోలుకొనలేదు. 1966లో కోటి టన్నులకు పైగా దిగుమతి చేసుకోవలసి వచ్చింది. ఓడ దిగితే తప్ప రేషను దుకాణం తెరవలేని ఆ రోజుల అనుభవమే సొంత నిల్వల విధానానికి బలం చేకూర్చింది. 1965లోనే భారత ఆహార సంస్థ ఏర్పడింది.

2015లో నిర్ణయించిన ప్రమాణాల ప్రకారం కేంద్ర నిల్వలో బియ్యం, గోధుమ కలిపి ఏప్రిల్ 1 నాటికి 210.40 లక్షల టన్నులు, జూలై 1 నాటికి 411.20 లక్షలు, అక్టోబరు 1 నాటికి 307.70 లక్షలు, జనవరి 1 నాటికి 214.10 లక్షల టన్నులు వుండాలి. గోధుమ కోతల తర్వాత జూలైలో ఎక్కువగా, కొత్త పంటకు ముందు తక్కువగా వుండేటట్లు ఈ అంకెలు అమర్చారు. వీటిలో 30 లక్షల టన్నుల గోధుమలు, 20 లక్షల టన్నుల బియ్యం అత్యవసరాలకు కేటాయించిన నిల్వ.

ఈ అంకెలను నెలల్లోకి మార్చితే అర్థం తేలికగా బోధపడుతుంది. ఆహార భద్రతా చట్టం కింద 81 కోట్ల మందికి తలకు 5 కిలోల చొప్పున ఇస్తే నెలకు స్థూలంగా 40 లక్షల టన్నులు కావాలి. అంటే ఏప్రిల్ ప్రమాణం అయిదు నెలలకు, జూలై ప్రమాణం పది నెలలకు వస్తుంది. అత్యవసర నిల్వ ఒక్కటే అయితే సుమారు అయిదు వారాలకే వస్తుంది. ఒక రుతుపవనం విఫలమైతే ఈ నిల్వ కాపాడగలదు. వరుసగా రెండు విఫలమైతే దిగుమతులు, రెండవ పంట, నీటి వసతి ఆదుకోవాలి.

2020లో కరోనా కట్టడి వచ్చినప్పుడు నిల్వల విలువ కళ్లకు కట్టింది. గోదాముల్లో ధాన్యం వుండబట్టే ఏప్రిల్ నుంచి తలకు అదనంగా 5 కిలోలు ఇవ్వగలిగారు. అదే సమయంలో లారీలకు డ్రైవర్లు, మార్కెట్లకు హమాలీలు దొరకక ప్రైవేటు సరుకు ఎక్కడిదక్కడ ఆగింది. గోదాములో బస్తాలు వుండడం ఒక ఎత్తు, వాటిని మోసే చేతులు వుండడం మరొక ఎత్తు.

అందరూ ఒకేసారి తలుపు మూస్తే

2008 నాటి బియ్యం సంక్షోభంలో పంట విఫలం కాలేదు. ప్రపంచ వరి దిగుబడి బాగానే వున్నది. గోధుమ ధరలు పెరగడంతో భయపడి భారత్, వియత్నాం ఎగుమతులు బిగించాయి. ఫిలిప్పీన్స్ పెద్దపెద్ద టెండర్లు పిలిచింది. జనవరిలో టన్ను 400 డాలర్ల లోపు వున్న థాయి బియ్యం మే నాటికి 900 డాలర్లు దాటింది. జపాను తన గోదాముల్లోని దిగుమతి బియ్యాన్ని విడుదల చేయవచ్చునన్న వార్త పొక్కగానే, ఆ సరుకు ఓడ ఎక్కకముందే ధర దిగడం మొదలైంది. పెంచింది భయం, దించింది నిల్వ వున్నదన్న నమ్మకం. భారత్ 2008 ఏప్రిల్‌లో విధించిన బాస్మతీయేతర బియ్యం ఎగుమతి నిషేధం 2011 సెప్టెంబరు దాకా తొలగలేదు.

2023లో ఇదే పునరావృతమైంది. జూలై 20న తెల్లబియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించింది. అప్పటికే ఓడలోకి ఎక్కడం మొదలైన సరుకుకు, రేవుకు చేరి కస్టమ్సు పత్రాలు దాఖలైనవాటికి వెసులుబాటు లభించింది. మిల్లులో, దారిలో వున్న సరుకుకు లభించలేదు. 2024 సెప్టెంబరులో నిషేధం తొలగింది. కాకినాడ రేవు మీద ఆధారపడిన మిల్లర్లకు, ఎగుమతిదారులకు వాన ముప్పుతోపాటు ఉత్తర్వుల ముప్పును కూడా లెక్కలో వేసుకోవాలని ఇది తెలియజెప్పింది.

రెండు తుఫానులు, రెండు ఫలితాలు

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు 10 వేల మంది మరణించారు. 1990 మేలో దాదాపు అంతే బలమైన తుఫాను కోస్తాను తాకినప్పుడు మృతుల సంఖ్య వెయ్యి లోపే. గాలి తగ్గలేదు. ముందుగా హెచ్చరిక అందింది, లక్షలాది జనాన్ని ఎత్తుగడ్డలకు, పక్కా భవనాలకు తరలించారు. వచ్చే ముప్పును ఆపలేకపోయినా, నష్టాన్ని ఎంతగా తగ్గించవచ్చునో ఈ రెండు అంకెలే చెబుతాయి.

అయితే ప్రాణాలు తరలినట్లు సరుకు తరలదు. నవంబరు తుఫాను వచ్చేనాటికి వరి కొంత పనల మీద, కొంత కుప్పల్లో, కొంత కళ్లాల్లో వుంటుంది. సేకరణ కేంద్రాల్లో ధాన్యానికి తేమ పరిమితి నూటికి 17. తడిసి రంగుమారిన ధాన్యం ఆ పరీక్షకు నిలవదు. కొబ్బరి విషయం మరీ కష్టం. 1996 నవంబరు తుఫానులో కోనసీమలో చెట్లే కూలాయి. కొత్త మొక్క కాపుకు రావడానికి అయిదారేళ్లు పడుతుంది. ధాన్యం నష్టం ఒక పంటది, కొబ్బరి నష్టం అనేక ఏళ్లది.

వర్తకులు చూసుకోవలసినవి

పై అనుభవాల నుంచి నాలుగు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, నిల్వ ఒకేచోట వుండకూడదు. ఒకే కాలువ గట్టున రెండు గోదాములున్నా వరదకు అవి ఒకటే లెక్క. రెండవది, దారులు. రైలు, రోడ్డు, రేవులలో ఒకటి మూతపడితే మరొకదానిపై సరుకు కదిలే ఏర్పాటు ముందే వుండాలి. మూడవది, అప్పు. పూర్తిగా అప్పు మీద నిలిపిన సరుకు చిన్న దెబ్బకు కూడా తట్టుకోదు.

నాలుగవది బీమా. అగ్నిప్రమాదానికి పాలసీ వున్నది కదా అని నిశ్చింతగా వుండక, తుఫాను, వరద అందులో చేరాయో లేదో చదివి చూసుకోవాలి. ధర పెరిగినప్పుడు బీమా మొత్తాన్ని కూడా పెంచుకోవాలి. సాధారణంగా పాలసీలలో యావరేజి క్లాజు వుంటుంది. దాని ప్రకారం 50 లక్షల సరుకును 25 లక్షలకే బీమా చేస్తే, 10 లక్షల నష్టానికి చేతికి వచ్చేది 5 లక్షలే. నిల్వ ఎక్కువ తక్కువలయ్యే వారికి డిక్లరేషను పాలసీలు వున్నాయి. గోదాము పుస్తకాలు ఆ గోదాములోనే వుంచితే సరుకుతోపాటు రుజువు కూడా నీటిలో పోతుంది. వాటి నకలు వేరేచోట వుండడం అవసరం.

ఈ ఏర్పాట్లు చాలా ఏళ్లపాటు దండగ ఖర్చుగానే కనిపిస్తాయి. ధవళేశ్వరం ఆనకట్ట మీద పెట్టిన ఖర్చు కూడా ధాత కరువు వచ్చేవరకు కొందరికి అలాగే కనిపించి వుండవచ్చు. ముంపు వచ్చిన మరునాడు కొట్టు తెరిచి బియ్యం అమ్మగలిగిన వర్తకుడు తన పెట్టుబడినే కాక వూరిని కూడా నిలబెడతాడు. ఆ రోజు వూరికి గింజ దొరుకుతుందా లేదా అన్నది వాన కురవకముందు వేసుకున్న లెక్క మీదనే ఆధారపడి వుంటుంది.