విద్యుత్ పనివిద్య: ఆయవ్యయములు



బిడ్డను ఏ చదువులో చేర్తుమని యాలోచించునపుడు మనము మొదట అడుగునది రుసుమెంత యని. కాని రుసుము చదువు వెలలో ఒక భాగము మాత్రమే. మిగిలిన భాగము కంటికి కనబడదు. ఈ సంగతి నాకు మా వీధిలోని యొక తల్లి మూలమున తెలిసినది.

ఆమె కుట్టుపని చేసి సంసారము నడుపుకొనుచున్నది. కుమారునకు పదునెనిమిదేండ్లు నిండినవి. పదవతరగతి నెగ్గి, ఇంటర్మీడియటులో తప్పినాడు. వానికి ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను పని నేర్వవలెనని కోరిక. మేనమామ మాత్రము, "రెండేండ్లు వృథా యేల? వైరింగు మేస్త్రి యొద్ద చేర్చినచో రేపటినుండియే కూలి వచ్చును" అనుచున్నాడట. ఒక ప్రైవేటు ఐ.టి.ఐ. వారు అరువదివేలు అడిగిరి. ఆమె తన గాజులు రెండును కొంగున ముడివైచుకొని వచ్చి, "అమ్మగారూ, వీనిని కుదువపెట్టవచ్చునా?" అని యడిగినది.

తండ్రిగారి యొద్ద కావ్యములు చదువుకొన్న నాకు విద్యుచ్ఛాస్త్రము తెలియదు. కాని ఆయవ్యయముల లెక్క ఏ గృహిణికిని క్రొత్తది గాదు. ఉపాధ్యాయులగు మావారు కొన్ని సంగతులు సమకూర్చి యిచ్చిరి. మేమిద్దరము కాగితము ముందిడుకొని కూర్చుంటిమి.

ఈ శిక్షణ 1950లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన పథకములోనిది. ఎలక్ట్రీషియను పనికి గడువు రెండేండ్లు. ప్రభుత్వ సంస్థలలో రుసుము స్వల్పము. ఉత్తీర్ణులకు జాతీయ వృత్తి ధ్రువపత్రము లభించును. పిమ్మట 1961 నాటి అప్రెంటిసుల చట్టము ననుసరించి ఏదేని కర్మాగారములోనో విద్యుత్ సంస్థలోనో ఒక యేడు పని నేర్వవచ్చును. 2019లో సవరించిన నియమములలో అట్టివారికి నెలకు కనీస భృతి 7,000 రూపాయలుగా నిర్ణయించిరి.

ఇక లెక్క. మేనమామ చెప్పిన కూలి రోజునకు 400 రూపాయలు. నెలకు ఇరువదియైదు దినములు పని దొరకుననుకొన్నచో 10,000, రెండేండ్లకు 2,40,000. చదువుకొనుటచే చేజారు సొమ్మిది. బస్సు, పుస్తకములు, పనిముట్లు నెలకు వేయి చొప్పున 24,000. అప్రెంటిసు యేట కూలికిని భృతికిని భేదము నెలకు 3,000 గనుక 36,000. వెరసి 3,00,000 రూపాయలు. ప్రభుత్వ సంస్థలో చేరినను ఆ చదువు వెల యింత! ఆమె నివ్వెరపోయినది.

తరువాత రాబడి వైపు చూచితిమి. మేస్త్రి యొద్ద నున్నవాని కూలియు కాలక్రమమున పెరుగును. పత్రముగలవానికి అంతకంటె నెలకు 5,000 అధికముగ వచ్చినచో, పై మూడులక్షలు అయిదేండ్లకు తీరును. 3,000 మాత్రమే అధికమైనచో ఎనిమిదేండ్లు దాటును. ప్రైవేటు సంస్థకు అరువదివేలు చెల్లించినచో, మొదటి లెక్కలో మరియొక యేడు చేరును. గాజులు కుదువపెట్టి నూటికి రూపాయి వడ్డీకి తెచ్చినచో, మూడేండ్లకు వడ్డీయే 21,600.

అయినచో ఈ పత్రమువలన ఫలమేమి? కూలివానికి మూసియుండు కొన్ని ద్వారములు దీనిచే తెరచుకొనును. ఆంధ్రప్రదేశ్ గ్రామసచివాలయములలో 2019లో విద్యుత్ సహాయకుల నియామకమునకును, తెలంగాణలో 2022లో వెలువడిన జూనియరు లైనుమెన్ ప్రకటనకును ఇది అర్హతలలో నొకటి. కాని ఉద్యోగములు కొన్ని, కోరువారు వేలు. కావున ఉద్యోగమును నమ్మి అప్పుచేయరాదు. క్రొత్తగా తీగలు వేయుట వంటి పనులు లైసెన్సుగల కాంట్రాక్టరు ద్వారా, యోగ్యతాపత్రముగల సూపర్వైజరు పర్యవేక్షణలో జరుగవలెనని నియమము. స్వంతముగా పని చేయదలచినవాడు ఆ మెట్లను గూడ ఎక్కవలెను. ఐ.టి.ఐ. పత్రము మొదటి మెట్టు మాత్రమే.

ప్రైవేటు సంస్థలో చేర్పక తప్పదన్నచో, ముందుగా మూడు ప్రశ్న లడుగుడు. ఆ సంస్థలో ఈ పనివిద్యకు కేంద్ర గుర్తింపు కలదా? విద్యార్థులు మోటారును స్వయముగా విప్పి బిగించుదురా, లేక దూరమునుండి చూచుటయేనా? నిరుడు ఉత్తీర్ణులైన వారిలో నెందరికి అప్రెంటిసు పని దొరకినది? సమాధానము నోటిమాటగ గాక, కాగితముపై చూపుమని కోరుడు.

ఇంతయు విని ఆమె కొంత తడవు మౌనముగ నుండెను. పిమ్మట, "అమ్మగారూ, మీ లెక్కలో ఒకటి తప్పిపోయినది" అనెను. క్రిందటి నెలలో వాడు ప్రక్కయింటివారి నీళ్ళమోటారు బాగుచేయబోయి, మెయిను ఆపక తీగను ముట్టి వ్రేళ్ళు కాల్చుకొని వచ్చినాడట. "మేస్త్రి తీగ కలుపుట నేర్పును. ముట్టుకొనుటకు ముందు కరెంటు లేదని చూచుకొనుట వానికెవరు నేర్పుదురు?"

నిజమే. మన యిండ్లలోని 230 వోల్టుల విద్యుత్తు ప్రాణము తీయగలదు. ఎర్తు ఎందుకు వేయవలెను, గీజరుకు సన్నని తీగ యేల పనికిరాదు, మీటరుతో ఎట్లు పరీక్షింపవలెను అను సంగతులు కారణములతో గూడ తెలియుటయే ఆ రెండేండ్ల శిక్షణలోని సారము. దానికి నేను వెల కట్టలేకపోతిని.

గాజులు మరల ఆమె చేతికెక్కినవి. కుమారుడు ప్రభుత్వ ఐ.టి.ఐ.కి దరఖాస్తు పెట్టినాడు. సెలవుదినములలో మేస్త్రి వెంట పోవుటకు మేనమామయు సమ్మతించినాడు. మెయిను ఆపిన పిమ్మటనే తీగను ముట్టవలెనను కట్టుబాటు మాత్రము తల్లిది.