ట్రాక్టర్ సెల్ఫ్ తిరగడం లేదా? బ్యాటరీ మార్చే ముందు ఇవి చూడండి

దమ్ము చేసే రోజుల్లో సెల్ఫ్ కొడితే ‘టక్’మని ఆగిపోయిందంటే ఆ రోజు పని పోయినట్టే. కంగారులో చాలామంది కొత్త బ్యాటరీ కొనేస్తారు. లోపం టెర్మినళ్ల దగ్గరే ఉంటే ఆ డబ్బు వృథా.

రాత్రంతా ఆపి ఉంచిన ట్రాక్టర్‌లో 12 వోల్టుల బ్యాటరీకి మల్టీమీటరు పెట్టి చూడండి. నిండా ఛార్జి ఉంటే దాదాపు 12.6 చూపుతుంది, 12.2 అంటే సగమే. ఈ ఒక్క అంకెనే నమ్మకండి. ప్లేట్లు పాడైన బ్యాటరీ కూడా లోడు లేనప్పుడు 12.6 చూపగలదు. గేరు న్యూట్రల్‌లో ఉంచి, వేరొకరితో సెల్ఫ్ కొట్టిస్తూ చూడాలి. 9.6 కంటే కిందికి పడితే ఛార్జి పెట్టించి మళ్లీ చూడండి, అప్పుడూ పడితే మార్చాల్సిందే. 12 దగ్గరే నిలిచి సెల్ఫ్ తిరగకపోతే కరెంటు దారిలో ఎక్కడో ఆగుతోంది. క్లాంపులు, ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ వైరు చూడండి. ఆ ఎర్త్ బోల్టును ఎవరూ పట్టించుకోరు, బురదకు తుప్పు పట్టేది అక్కడే! అవి బాగుంటే సోలెనాయిడ్, సెల్ఫ్ మోటారు చూపించాలి.

టెర్మినళ్ల మీది తెల్లటి పొడిని వంటసోడా నీళ్లతో కడగాలి, సెల్లుల్లోకి పోనీయకూడదు. ఎర్త్ వైరు ముందు విప్పి, చివర బిగించాలి. తర్వాత వాసెలిన్ పూయండి.

ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 రాకపోతే ఆల్టర్నేటర్ బెల్టు వదులైందేమో చూడండి.

సెల్లుల్లో డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్లు, యాసిడ్ వద్దు. ఛార్జింగులో వెలువడే హైడ్రోజన్‌కు నిప్పు తగిలితే బ్యాటరీ పేలుతుంది, దగ్గరలో బీడీ వెలిగించొద్దు.