ఆపరేషన్‌ గుడ్డ.. ఏది మేలు?

నల్గొండ: శస్త్రచికిత్స వేళ రోగిపై కప్పే గుడ్డ ఉతికి వాడేదైనా, ఒక్కసారికే పారేసేదైనా క్రిమిరహితమైతే చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది. చిక్కంతా మామూలు నూలు గుడ్డతోనే. రక్తంతో తడిస్తే దాని గుండా సూక్ష్మక్రిములు గాయాన్ని చేరతాయి. ఉతికిన మూటను ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరిలో అరగంట ఉంచాలి. తడి ఆరని మూట పనికిరాదు. పొరుగునే ఉన్న ఇబ్రహీంపట్నంలో 2022 ఆగస్టు 25న 34 మందికి కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరగగా, నలుగురు మహిళలు మృతి చెందారు. ఇన్‌ఫెక్షనే కారణమన్నారు. దానికి గుడ్డే కారణమని చెప్పలేం. కానీ ఒకే రోజు అన్ని ఆపరేషన్లు పెట్టుకుంటే, శుద్ధి చేసిన జతలు అన్ని ఉన్నాయా అన్నదే అసలు ప్రశ్న. నల్గొండ, మహబూబ్‌నగర్‌ వంటి బోధనాసుపత్రుల్లో ఉతికి వాడే రకమే పొదుపు. కరెంటు, నీటిపై భరోసా లేని చిన్న ఆసుపత్రులకు మాత్రం పారేసే రకమే క్షేమం. వాడిన వెంటనే దాన్ని పసుపు సంచిలో వేయాలి.