పెట్టె చూసి చీర కొనాలి

ఉదయగిరి పక్కన ఒక పల్లె. వదినా మరదళ్ళు సంక్రాంతికి చీరలు కొనాలనుకున్నారు. ఆత్మకూరు పోదామని మరదలి తొందర.

"ముందు నీ పెట్టె తెరువు" అంది వదిన.

పెట్టెలో పదకొండు చీరలున్నాయి. మరదలు కట్టేవి నాలుగే. మిగతా ఏడూ ఎందుకు కట్టదు? ఒకదానికి రవిక లేదు. ఒకటి జారిపోతుంది. రెండు వెలిసిపోయాయి. "ఈ మూడూ అంగట్లో బాగున్నాయి. కట్టుకుంటే నాకు నప్పలా" అంది మరదలు.

కట్టే నాలుగింటినీ వదిన మంచం మీద పరిచింది. నాలుగూ నూలు చీరలే. అన్నీ ముదురు రంగులు, చిన్న అంచులు. మరదలికి ఏది నప్పుతుందో ఆ చీరలే చెబుతున్నాయి. పెద్దవాళ్ళలో కొందరు ఏళ్ళ తరబడి ఒకే తీరు చీర కడతారు. అంచు చూసే ఫలానా ఆమె వస్తోందని ఊరు పోల్చుకుంటుంది. తనకు ఏది కుదురుతుందో ఆమెకు తెలుసు మరి!

ఇలా ఎంచుకుంటే ఖర్చూ తగ్గుతుంది. ఒక్క మెరూన్ రవిక మూడు చీరలకు సరిపోతుంది. దేనికీ కలవని రంగు కొంటే రవిక గుడ్డ, లోపలి లంగా, కుట్టుకూలి అన్నీ కొత్తగా కావాలి.

ఇంటి ముందుకు చీరల మూట వస్తుంది. "వారానికి 50 రూపాయలే" అంటే తేలిగ్గా అనిపిస్తుంది. చీర ధర 400 అనుకుందాం. 12 వారాలు కట్టాలి. 50ని 12తో హెచ్చవేస్తే 600. అంటే 200 ఎక్కువ. 1993లో సారా ఆగాక ఈ జిల్లా ఆడవాళ్ళు రోజుకో రూపాయి పొదుపు చేశారు. ఆ లెక్కన 200 రూపాయలంటే 200 రోజుల పొదుపు.

గుడ్డ కూడా చూసుకోవాలి. అంగడాయన్ని అడిగి కొంగు చివర ఒక దారం తీసి కాల్చాలి. నూలు దారమైతే కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద అవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది. మంట అంటుకుంటే అది ఒంటికి అతుక్కుంటుంది. అందుకే పొయ్యి దగ్గరకు నూలు చీరే మేలు. నూలు కూడా అంటుకుంటుంది, కొంగు దోపుకోవాలి. తడిపిన తెల్ల గుడ్డతో ఒక మూల రుద్దితే రంగు దిగేదీ లేనిదీ తెలుస్తుంది. పొడవు అయిదున్నర మీటర్లు, అంటే సుమారు పన్నెండు మూరలు ఉండాలి.

వెంకటగిరి చీరలకు సన్న నూలు, జరీ అంచు పేరు. మరమగ్గం చీరను చేనేత అని అమ్మేవాళ్ళూ ఉంటారు. చేనేతకు గుర్తుగా 2006లో కేంద్ర ప్రభుత్వం హ్యాండ్లూమ్ మార్క్ చీటీ తెచ్చింది. ఆ చీటీ ఉందేమో అడిగి, చదివి చూడాలి.

ఆత్మకూరు అంగట్లో పదిహేను చీరలు విప్పారు. ఒక్కటీ నచ్చలేదు. కొనకుండా లేవాలంటే మరదలికి మొహమాటం.

"విప్పి చూపడం ఆయన పని. కొనేది మనం" అంది వదిన.

రెండో అంగట్లో ముదురు పచ్చ నూలు చీర దొరికింది. అంచు మెరూన్. మరదలు రసీదు అడిగి తీసుకుంది. అంకెలు రెండుసార్లు చదివింది. రవిక గుడ్డ కొనలేదు. రవిక పెట్టెలో ఉంది.