అద్దం కడిగే నీళ్లే గడ్డకడితే?

జనవరి తెల్లవారుజామున మన శ్రీరంగాపూర్‌లో రంగసముద్రం గట్టు మీద నిలబడితే పళ్లు టకటక కొట్టుకుంటాయి. ‘అబ్బ, ఏం చలి!’ అంటాం. అయినా ఆ చెరువు నీరు గడ్డకట్టగా మనమెన్నడూ చూడలేదు. అందుకే ఇక్కడ కారున్నవాళ్లు, ముందు అద్దం కడిగే వాషర్ డబ్బాలో నల్లా నీళ్లు పోసి నిశ్చింతగా ఉంటారు.

నా దగ్గర పదో తరగతి చదివిన ఒక అబ్బాయి అమెరికాలో ఇంజనీరు. డల్లాస్ నుంచి ఉద్యోగం మారి ఉత్తరాన ఉన్న మినియాపొలిస్‌కు వెళ్లాడు. అక్కడి చలి మన ఊహకు అందదు. 2019 జనవరి 30న ఆ ఊళ్లో సున్నాకు దిగువన 33 డిగ్రీల సెంటీగ్రేడు నమోదయింది. మనవాడు మాత్రం పాత అలవాటు కొద్దీ వాషర్‌లో నీళ్లే పోసుకున్నాడు.

ఆ దేశాల్లో రోడ్డు మీది మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. కరిగిన మంచు, ఉప్పు, మట్టి కలిసి బురద అవుతుంది. ముందు పోతున్న లారీ చక్రాలు ఆ బురదను మనవాడి అద్దం మీదికి చిమ్మాయి. అది ఆరి తెల్లటి పొర కట్టింది. వాషర్ మీట లాగాడు. మోటారు గుయ్‌మంది తప్ప చుక్క నీరు రాలేదు! ఉత్త వైపర్ తిప్పితే పొర ఇంకా అలుక్కుపోయింది. ఎదురుగా ఎండ, కళ్ల ముందు తెల్లతెర, గంటకు తొంభై కిలోమీటర్ల వేగం. లైట్లు మిణుకుమనిపిస్తూ మెల్లగా రోడ్డు పక్కకు తీసి ఆపాడు. అదే అతన్ని కాపాడింది.

ఫోనులో నాతో అన్నాడు: “సార్, మీరు చెప్పిన ఐసు, ఉప్పు పాఠం అప్పుడు గుర్తొచ్చింది.” కాస్త ముందుగా గుర్తొచ్చి ఉంటే బాగుండేది!

ఆ పాఠమేమిటో చూద్దాం. కుల్ఫీ అమ్మేవాళ్లు ఐసుముక్కల్లో ఉప్పు వేయడం మీరు చూసే ఉంటారు. సున్నా డిగ్రీల దగ్గర మంచుకూ నీటికీ మధ్య ఇచ్చిపుచ్చుకోవడం సమానంగా సాగుతుంది. మంచును విడిచి నీటిలోకి వచ్చే అణువులెన్నో, నీటి నుంచి వెళ్లి మంచుకు అతుక్కునే అణువులూ అన్నే. నీటిలో ఉప్పు కరిగిందనుకోండి. మంచును తాకే చోట కొంత స్థలాన్ని ఉప్పు కణాలు ఆక్రమిస్తాయి. అతుక్కునే నీటి అణువులు తగ్గుతాయి, విడిచి వచ్చేవి మాత్రం తగ్గవు. లెక్క మళ్లీ సమానం కావాలంటే ఇంకా చల్లబరచాలి. అంటే ఘనీభవన స్థానం కిందికి దిగిందన్నమాట. 1788లోనే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు చార్లెస్ బ్లాగ్డెన్, ఉప్పు పెరిగిన కొద్దీ ఈ తగ్గుదల కూడా అదే పాళ్లలో పెరుగుతుందని చూపించాడు.

ఇక్కడ తమాషా ఏమిటంటే, కరిగినది ఏ పదార్థమన్నది ముఖ్యం కాదు, ఎన్ని కణాలన్నదే ముఖ్యం. కిలో నీటిలో 342 గ్రాముల చక్కెర కరిగిస్తే ఘనీభవన స్థానం సుమారు 1.86 డిగ్రీలు తగ్గుతుంది. అంతే తగ్గుదలకు మిథనాల్ 32 గ్రాములు చాలు! దాని అణువు అంత తేలిక, అందువల్ల తక్కువ బరువులోనే ఎక్కువ అణువులుంటాయి. (గాఢత బాగా పెరిగితే ఈ లెక్క అంత కచ్చితంగా ఉండదు.)

మరి వాషర్‌లో ఉప్పే వేయవచ్చు కదా? ఎంత వేసినా ఉప్పునీరు -21 డిగ్రీల కన్నా దిగువకు గడ్డకట్టకుండా నిలవదు. ఇనుమును తుప్పు పట్టిస్తుంది. పైగా ఆరితే తెల్లపొర! ఏ పొరను కడగాలో దాన్నే మళ్లీ పూసినట్టు. మిథనాల్ అయితే ఆవిరై పోతుంది, మరక మిగలదు. అక్కడి దుకాణాల్లో దొరికే -40 డిగ్రీల వాషర్ ద్రవంలో ఉండేది సాధారణంగా అదే.

కానీ ఆ ఆవిరి కావడంలోనే ఒక చిక్కుంది. సూది వేసేముందు స్పిరిటు రాస్తే చర్మం చల్లబడుతుంది కదా? అలాగే గాలి వేగానికి అద్దం మీది మిథనాల్ ఆవిరై, అద్దాన్ని ఇంకా చల్లబరుస్తుంది. వెనక మిగిలిన ద్రవంలో నీటి పాలు పెరిగి, అది అద్దం మీదే గడ్డకడుతుంది. అందుకే -20 డిగ్రీల చలికి -20 డిగ్రీల ద్రవం చాలదు.

మనవాడు అద్దం మీద వేడినీళ్లు పోద్దామనుకున్నాడట. పోయకపోవడమే మంచిదయింది. వేడి తగిలిన చోటే వ్యాకోచించి అద్దం పగలవచ్చు. పోసిన నీళ్లూ కాసేపటికి మంచే అవుతాయి. మీట అదేపనిగా లాగినా మోటారు కాలిపోయే ప్రమాదముంది. చివరికి వెచ్చని గ్యారేజిలో రాత్రంతా కారును ఉంచాడు. మంచు కరిగాక చూస్తే డబ్బా అడుగున చీలిక! నీరు మంచయితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది మరి. కొత్త డబ్బా వేయించి -40 ద్రవం పోయించాడు.

ఒక హెచ్చరిక. మిథనాల్ విషం. కొద్దిగా కడుపులోకి పోయినా చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. శరీరంలో అది ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది. ఈ ద్రవం తరచు శరబత్తులా అందమైన నీలిరంగులో ఉంటుంది, అదే భయం. దాన్ని తాగే నీళ్ల సీసాలో ఎన్నడూ పోసి ఉంచకూడదు.

మిథనాల్ జోలికి పోకుండా ఇంట్లోనే ప్రయోగం చేయవచ్చు. మూడు ప్లాస్టిక్ డబ్బాల్లో వంద గ్రాముల చొప్పున నీళ్లు తీసుకోండి. మొదటిదాంట్లో ఏమీ వేయవద్దు. రెండోదాంట్లో 5 గ్రాములు, మూడోదాంట్లో 30 గ్రాముల ఉప్పు కరిగించండి. డబ్బాలు నిండుగా ఉండకూడదు, ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. రాత్రంతా ఫ్రీజరులో పెట్టండి. ఫ్రీజరు సాధారణంగా -18 డిగ్రీల దగ్గర ఉంటుంది. పొద్దున మూడోది నీళ్లలాగే కదులుతుంటే ఆశ్చర్యంతో వేలు ముంచకండి. అది కరుగుతున్న మంచుగడ్డ కన్నా చల్లనిది!